కంటికిని చెవికిని నడుమ

కంటికిని చెవికిని బెత్తెడే దూరము. కన్నది నిజము, విన్నది కల్ల అను లోకోక్తి ఆ బెత్తెడు దూరములోనే పుట్టినది. సాక్ష్యము చెప్పువాని విషయమున ఈ మాట చెల్లునేమో కాని, ఇంటిలో సంగీతము వినుటకై స్పీకర్లు కొనువాని విషయమున తలక్రిందులగును. అంగడిలో అతడు చూచినది కల్ల కావచ్చును, విన్నదే నిజము. చిక్కేమనగా, ఒకసారి చూచిన పిదప విన్నది కూడ నిజముగా మిగులదు.

నేలమీద నిలిచి మనిషి రొమ్ము వరకు వచ్చు పెద్ద స్పీకర్ల జతలు నేడు మన నగరములలో లక్షల వెలకు అమ్మకమునకున్నవి. పది లక్షలు దాటునవియు కలవు. ఒక ఉపాధ్యాయుడు ఉద్యోగవిరమణ నాడు అందుకొను సొమ్ములో పెద్ద పాలు అట్టి జత ఒక్కటియే మ్రింగివేయగలదు. అయినను కొనువారున్నారు, కొనజాలక వినుటకు మాత్రము పోవువారును ఉన్నారు. ఇరువురికిని ప్రశ్న ఒక్కటే: రెండు గొప్ప జతలు ఎదుట నిలిచినపుడు దేనిని ఎన్నుకొనవలెను?

ఈ ప్రశ్నను శాస్త్రదృష్టితో పట్టి జీవితమంతయు విడువని వాడు ఫ్లాయిడ్ టూల్ అను పరిశోధకుడు. ఇతడు 1965లో కెనడా జాతీయ పరిశోధన మండలిలో చేరి, 1991లో అమెరికాలోని హర్మాన్ సంస్థకు వచ్చెను. 1994లో షాన్ ఆలివ్ అను సహచరునితో కలిసి ఇతడు జరిపిన పరీక్ష ఒకటి ఈ రంగమున ప్రసిద్ధమైనది. శ్రోతలు నలువదిమంది, అందరును ఆ సంస్థ ఉద్యోగులే, అనగా స్పీకర్లతోనే కాలము గడపువారు. స్పీకర్లు నాలుగు. వానిలో కొన్ని పెద్దవి, సొగసైనవి, వెలగలవి. ఒకటి చిన్నది, చవుకది. ధ్వనిని అడ్డని పలుచని తెర వెనుక వానినుంచి ఒకసారి, తెర తీసి ఒకసారి వినిపించి మార్కులు వేయుమనిరి.

తెర తీయగానే మార్కులు మారినవి. పెద్దవానికి, పేరుగలవానికి మార్కులు పెరిగినవి. పాపము, చిన్నది తెర వెనుక సంపాదించుకొన్న గౌరవమును తెర తీసిన క్షణమున పోగొట్టుకొన్నది. అంతకంటె వింత మరియొకటి. తెర ఉన్నపుడు స్పీకరును గదిలో ఒక చోటినుండి వేరొక చోటికి జరిపినచో ధ్వని మారినదని శ్రోతలు గుర్తించి మార్కులలో చూపిరి. తెర లేనపుడు ఆ మార్పు వారికి అంతగా తోచనే లేదు. స్పీకరు కంటికి అదే కదా! కన్ను అదే అన్నది, చెవి తలయూచినది. వారు అబద్ధమాడిరని ఎవ్వరును అనరాదు. నిజముగా వారికట్లే వినబడినది. ఇందులో అనుభవము గలవారు, లేనివారు అను భేదము కూడ రక్షింపలేదు.

వెలహెచ్చు వస్తువును ఎన్నుకొనువాడు మొట్టమొదట తెలిసికొనదగినది ఇదియే. లక్క నునుపు, చెక్క రంగు, పేటిక బరువు, దుకాణదారుని వాక్చాతుర్యము, పత్రికలో చదివిన పొగడ్త: ఇవన్నియు పాటకంటె ముందే చెవిలో దూరి కూర్చుండును.

ఇంతకును ఆ పేటికలో ఉన్నదేమి? 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇరువురు అమెరికా ఇంజనీర్లు ప్రకటించిన సూత్రమే నేటికిని నడచుచున్నది. అయస్కాంతము నడుమ తీగెచుట్ట, దానికంటిన గరాటువంటి పలుచని పొర. విద్యుత్తు చుట్టను ముందుకు వెనుకకు త్రోయును. పొర గాలిని త్రోయును. మంద్రస్వరములకు ఎక్కువ గాలి కదలవలెను. కావున పెద్ద పొర, పెద్ద పేటిక. తారస్వరములకు వడి కావలెను. కావున చిన్న పొర. ఈ రెంటికిని పని పంచిపెట్టు విద్యుత్ పరికరమును క్రాసోవరు అందురు. స్పీకరు శిల్పి నేర్పు చాలవరకు ఈ పంపకములోనే తెలియును. అన్నదమ్ముల పంపకములవలె ఇదియు సరిహద్దు దగ్గరనే చెడును.

పేటిక విషయమున ఒక కఠినమైన నియమము కలదు. దీనిని చెప్పినవాడు జోసెఫ్ ఆంటన్ హాఫ్ మన్. జగత్ప్రసిద్ధుడైన పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్ మన్ కుమారుడు. చిన్న పేటిక, లోతైన మంద్రము, తక్కువ విద్యుత్తుతో పెద్ద ధ్వని: ఈ మూడింటిలో ఏ రెండయినను కోరుకొనవచ్చును, మూడవదానిని వదలుకొనవలెను. తండ్రి వ్రేళ్లతో సాధించినదానిని తనయుడు లెక్కలతో కొలిచెనన్నమాట. నేలపై నిలుచు పెద్ద స్పీకర్లన్నియు ఈ నియమముతో జరిపిన బేరములే. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1940ల నడుమ రూపొందించిన క్లిప్ష్ హార్న్ గది మూలను తన బాకాలో భాగముగా చేసికొని, ఒకటి రెండు వాట్టులతోనే గదిని నింపును. కాని బీరువాయంత చోటు అడుగును, మూల లేని గదిలో ముడుచుకొని పోవును. ఇంగ్లండులో పీటర్ వాకర్ 1957లో విపణికి తెచ్చిన క్వాడ్ స్పీకరులో పేటికయే లేదు. విద్యుదావేశముగల పలుచని పొర ముందుకును వెనుకకును పలుకును. మానవకంఠమును అంత సహజముగా పలికించినది అరుదని నేటికిని దానిని దాచుకొన్నవారు చెప్పుదురు. మంద్రము మాత్రము దానికి చాలదు. 1979లో వచ్చిన బి అండ్ డబ్ల్యూ 801 లండనులోని ఆబీ రోడ్ స్టూడియోకు చేరి, శాస్త్రీయ సంగీతము ముద్రించువారికి కొలబద్ద అయినది. అది ఘనమైన ఆంప్లిఫైయరును కోరినది. మూడును గొప్పవే. మూడును వేర్వేరు త్యాగములు చేసినవి. కొనువాడు తన త్యాగమును తాను ఎన్నుకొనుచున్నాడని మరువరాదు.

గదిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలెను. ఏలయన స్పీకరులో సగము గదియే.

మన పట్టణములలోని ఒక సాధారణమైన హాలును తీసికొందము. పొడవు 14 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. నేల గ్రానైటు, గోడలు సున్నపు నునుపు, పైన కాంక్రీటు. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోవును. గది పొడవునకు రెట్టింపు తరంగదైర్ఘ్యముగల స్వరము ఆ రెండు గోడలనడుమ చిక్కుకొని, వచ్చుచు పోవుచు తనను తాను బలపరచుకొనును. తొమ్మిదవ తరగతి విద్యార్థియు లెక్క కట్టగలడు: పొడవునకు సెకనుకు సుమారు 40 కంపనములు, వెడల్పునకు 47, ఎత్తునకు 57. సినిమా పాటలలో మ్రోగు బేస్ గిటారు అడుగుతీగె 41 కంపనములది. ఆ తీగె మీటినపుడెల్ల ఆ హాలు తానును పాడ మొదలిడును. పాటకుని అనుమతి దానికక్కరలేదు. గోడప్రక్కన కూర్చున్నవానికి ఆ స్వరము ఉరుమువలె వినబడును. గది నట్టనడుమ కూర్చున్నవానికి దాదాపు వినబడదు. ఇరువురును ఒకే స్పీకరును గూర్చి వాదులాడుకొందురు. కుర్చీని రెండడుగులు జరిపినచో కలుగు మార్పు, ఒక్కొక్కప్పుడు, లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి వేరు జత కొన్నచో కలుగు మార్పుకంటె పెద్దది. పొడవు, వెడల్పు సమానముగా ఉన్న చదరపు గదిలో ఈ దోషము ఇబ్బడియగును.

కావున చిన్న గదిలో మిక్కిలి పెద్ద స్పీకరు వరము కాక శాపము కావచ్చును. దాని లోతైన మంద్రమే గదిని రెచ్చగొట్టును. మధ్యస్థాయి జతయే అచట గెలిచిన సందర్భములు అరుదు కావు.

తారస్వరముల సంగతి వేరు. శ్రోత చెవికి నేరుగా వచ్చు ధ్వని కొంత. ప్రక్కగోడలను, నేలను తాకి వచ్చునది మిగిలినది. నేరుగా పలుకునపుడు చక్కగను, ప్రక్కలకు పలుకునపుడు వికారముగను ఉండు స్పీకరు రాతినేల ఇంటిలో దొరికిపోవును. 2004లో ఆలివ్ 70 స్పీకర్లను నలుదెసల కొలిచి, ఆ కొలతలను తెర వెనుక విన్న శ్రోతల మార్కులతో పోల్చెను. ఎదుటను ప్రక్కలను ఒడిదుడుకులు లేక పలుకునవానినే శ్రోతలు మెచ్చిరని తేలినది. కొలతకును మెప్పునకును గల పొత్తు 0.86, పూర్తి పొత్తు 1 అని గణితము తెలిసినవారు ఎరుగుదురు. రుచులు అనేకములు అను మాట నాలుకకు చెల్లినంతగా చెవికి చెల్లదు కాబోలు.

ఇంటిలో చేయదగిన చికిత్స చవుకైనదే. నడిగదిలో నిలిచి చప్పట్లు చరచినపుడు గలగలమని మారుమ్రోత వచ్చినచో, నేలపై దట్టమైన తివాచీయో జంబుఖానమో పరచవలెను. కిటికీలకు బరువైన తెరలు కట్టవలెను. వెనుకగోడకు పుస్తకముల బీరువా తలుపులు తీసియుంచినచో ధ్వని చెదరి మెత్తపడును. ఆ పుస్తకములు చదివినవా, కాదా అని ధ్వని విచారింపదు. స్పీకర్లను గోడకు రెండు మూడు అడుగులు ఎడముగా, మూలలకు దూరముగా ఉంచి, శ్రోతయు రెండు స్పీకర్లును సమత్రిభుజపు కోణములలో ఉండునట్లు అమర్చవలెను. ఇది చేయక స్పీకరును నిందించుట, కుంటి బల్లమీద వ్రాసి కలమును తిట్టుటవంటిది.

వినిచూచుటకు ఏమి పెట్టవలెను? అంగడివాడు తనవద్ద నున్న మెరుపుల ముద్రణలే పెట్టును. వానితో ఏ స్పీకరయినను మెరయును. కొనువాడు తానెరిగిన ధ్వనిని తీసికొనిపోవలెను. తెలుగువానికి మృదంగమును మించిన పరీక్ష లేదు. సామాన్యమైన తోలువాద్యము పలుకు ఉపస్వరములు మూలస్వరముతో పొసగవు. మృదంగము కుడి ముఖమున నడుమ అద్దిన నల్లని ముద్ద వానిని పొసగించి శ్రుతి పుట్టించునని సి.వి.రామన్ గారు 1920లో లోకమునకు తెలిపిరి. ఒక్క దెబ్బలో మంద్రమునుండి తారము వరకు అన్ని స్థాయిలును ఉన్నవి. క్రాసోవరు సరిహద్దు చెడినదైనచో శ్రుతి జారిపోయి చప్పుడు మిగులును. ఎడమచేతి గుంకారము సాగినంతసేపే సాగి ఆగవలెను. పేటిక తనవంతుగా పొడిగించినచో అది మృదంగము కాదు, చెక్క. తంబుర మరియొక పరీక్ష. గుర్రముమీద తీగెక్రింద జరిపిన నూలుపోగు పుట్టించు ఆ జీవము సన్ననిది; మోటు ట్వీటరు దానిని ఇసుకగా మార్చును. నాదస్వరముతో మాత్రము తొందరపడరాదు. అది గుడి ప్రాకారములకును ఊరేగింపు వీధులకును పుట్టినది. పదునాలుగడుగుల హాలులో దానిని ఉన్నంత ధ్వనితో వినగోరుట స్పీకరుకు కాదు, ఇరుగుపొరుగునకు పరీక్ష.

అన్నిటికంటె సులభమైనది మానవకంఠము. రెండు స్పీకర్లనడుమ ధ్వనికి చోటు కల్పించు స్టీరియో విద్యకు ఆలన్ బ్లమ్లైన్ 1931లో పేటెంటు కోరెను. స్టీరియో గ్రామఫోను పలకలు 1958లోగాని విరివిగా రాలేదు. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు ఒకే బాటలో ముద్రింపబడినవి. అట్టి పాత పాటను రెండు స్పీకర్లలోను సమానముగా పెట్టినపుడు ఘంటసాల వారి కంఠము నట్టనడుమ, మనిషి నోరంత చోటులో నిలువవలెను. అటునిటు ఊగినను, గోడంత వెడల్పుగా పరచుకొన్నను, ఆ జతలో రెండు స్పీకర్లు ఒకదానితో ఒకటి సరిపోలలేదనియో, గది ఒకవైపు మొగ్గుచున్నదనియో అర్థము. వట్టి మాట ఇంకను మేలు. బ్రిటిషు రేడియో ఇంజనీర్లు తమ స్పీకర్లను తీర్చునపుడు మనిషి మాటను ముద్రించి, ఆ మనిషిని ప్రక్కగదిలో నిలిపి పోల్చి చూచెడివారు. తరగతి గదిలో దినమెల్ల గొంతులు వినువారికి ఈ పరీక్ష చేతిలోని విద్య.

అంగడిలో ఒక మాయ కలదు. రెండు స్పీకర్లలో కొంచెము గట్టిగా పలుకునది మేలైనదిగా తోచును. ఒక వాట్టు శక్తితో ఒకటి 86 డెసిబెల్లు, మరియొకటి 89 డెసిబెల్లు పలుకుననుకొందము. మొదటిదానికి రెండవదానితో సమానముగా పలుకుటకు రెట్టింపు శక్తి కావలెను. మీట ముట్టక ఒకదాని పిదప ఒకటి వినిపించినచో రెండవది గెలుచుట నిశ్చయము. ధ్వనిని కొలిచి సమము చేసిన తరువాతనే పోల్చవలెను. చేతిలోని ఫోనును ఒకేచోట ఉంచి కొలిచినను ఈ పనికి చాలును. ఆ మీదట తోడు వచ్చినవానిని మార్చుచుండుమని చెప్పి, కన్నులు మూసికొనియో, నడుమ పలుచని వస్త్రము కట్టియో వినవలెను. దుకాణదారుడు నవ్విన నవ్వనిండు. లక్షలు ఇచ్చువాడు నవ్వుబాటునకు వెరవనక్కరలేదు. వీలైనచో జతను రెండు దినములు ఇంటికి తెప్పించుకొనుట ఉత్తమము. అంగడి గదిలో గెలిచినది ఇంటి హాలులో ఓడవచ్చును.

ఇక చెవి సంగతి. మనిషి చెవికి 20 మొదలు 20,000 కంపనముల వరకు వినబడునని పాఠ్యపుస్తకములు చెప్పును. అది పిల్లల చెవి. ఏండ్లు గడచుకొలది పై అంచు తరుగుచు వచ్చును; ఏబది దాటినవారిలో పెక్కుమందికి 12,000 పైన నిశ్శబ్దమే. సొమ్ము చేతికి వచ్చునాటికి చెవి చేయి విడుచుట ఈ వ్యసనమునకు విధి వ్రాసిన వ్రాత. అయినను కంఠము, వీణ, వాయులీనముల ప్రాణమంతయు ఆ హద్దుకు లోపలనే ఉన్నది. పోయినదానికంటె మిగిలినది పెక్కు రెట్లు. స్పీకరు 40,000 కంపనముల వరకు పలుకునను ప్రకటనకు మాత్రము పెద్దవయసువాడు అదనముగా ఒక్క కాసు ఇయ్యనక్కరలేదు. వినికిడి తగ్గినవారి తీర్పులు ఒకరితో ఒకరికే కాక, తమ నిన్నటి తీర్పుతో తమకే పొసగవని టూల్ తన పరీక్షలలో గమనించెను. ఆ సూత్రమును తనకును వర్తింపజేసికొని, వయసు మీరిన పిదప పరీక్షలలో శ్రోతగా కూర్చుండుట మానివేసెను. అంగడికి పోవు తాతగారు మనుమరాలిని వెంటబెట్టుకొని పోవుట మంచిది. తంబుర ఇసుకరాలినట్లున్నదో, లేదో ఆ పిల్ల చెప్పగలదు; ఆమెకు స్పీకరు వెల తెలియదు కూడ.