ముసలి ఇంజనుకు నాడి చూద్దామా?

పెద్దారవీడు దగ్గర ఒక పల్లెలో మీ మేనమామకు చేను ఉందనుకోండి. చేలో ఒక దిగుడుబావి, బావి గట్టున పాతికేళ్ళ నాటి ఆయిలింజను. ఒకప్పుడు పొద్దున్నే ఇంజను వేస్తే అన్నం వేళకు నాలుగు మిరప మళ్ళు తడిసేవి. ఇప్పుడు మూడు తడిసేసరికే సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. ఇంజను ఆగిపోలేదు, కొత్త చప్పుళ్ళేమీ లేవు. "ముసలిదైపోయిందిరా అబ్బాయ్! లైనరు, పిస్టను మార్పించాలి" అంటున్నాడు మామయ్య. ఆ ఖర్చుకు ఈ ఏటి మిరపకాయల డబ్బు సగం పోతుంది. ఇంతకీ జబ్బు నిజంగా ఇంజనుదేనా?

ఉన్నట్టుండి ఆగిపోయిన ఇంజనుతో ఇంత చిక్కు లేదు. నిన్న నడిచింది, నేడు నడవలేదు కాబట్టి ఈ మధ్యలో ఏం జరిగిందో వెతికితే చాలు. కొంచెం కొంచెంగా బలం తగ్గే ఇంజను అలా కాదు. రోజూ చూసే మనిషికి పిల్లవాడు ఎదిగిన సంగతి తెలియనట్లే, రోజూ ఇంజను వేసే మనిషికి ధార సన్నబడిన సంగతి తెలియదు. అందుకే మొదట కావలసింది రెంచీ కాదు, ఒక నోటుపుస్తకం.

200 లీటర్ల డ్రమ్మును గొట్టం కింద పెట్టండి. అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం చూసి రాయండి. తర్వాత తాడుకు రాయి కట్టి, గట్టు మీద నుంచే బావిలోకి వదిలి, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో కొలవండి. ఇంజను వేసే ముందు ఒకసారి, ఆపే ముందు ఒకసారి కొలవాలి. ఎందుకంటే మార్కాపురం వైపు నేలలో చాలాచోట్ల పలకరాయి ఉంది. దాని పగుళ్ళలో దాగిన నీరే బావిలోకి ఊరుతుంది. మనం తోడినంత వేగంగా అది ఊరదు. కాబట్టి తోడుతున్న కొద్దీ మట్టం దిగిపోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. సెకనుకు ఎత్తిన లీటర్లను 9.8 తోనూ, ఎత్తిన మీటర్ల తోనూ గుణిస్తే నీటికి అందిన సామర్థ్యం వాట్లలో వస్తుంది. డ్రమ్ము 25 సెకన్లలో నిండిందంటే సెకనుకు 8 లీటర్లు. నీటి మట్టం నుంచి గొట్టం చివరకు ఎత్తు 12 మీటర్లు అనుకుంటే, 8 × 9.8 × 12 = సుమారు 940 వాట్లు. ఒక అశ్వసామర్థ్యం 746 వాట్లు కాబట్టి ఇది ఒకటింబావు అశ్వసామర్థ్యం. ఎండాకాలంలో మట్టం నాలుగు మీటర్లు దిగిందనుకోండి. ఎత్తు 16 మీటర్లు అవుతుంది. అదే సామర్థ్యంతో ఇప్పుడు సెకనుకు 6 లీటర్లే వస్తాయి, డ్రమ్ము నిండటానికి 33 సెకన్లు పడుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ విషయం బోధపడిందిగా! ఇంజనులో రవ్వంత లోపం లేకుండానే నాలుగు మళ్ళు మూడయ్యాయి.

పైగా పంపు నీటిని పీలుస్తుందని మనం అంటాం గాని, నిజానికి నీటిని పైకి తోసేది వాతావరణ పీడనం. అది సిద్ధాంతరీత్యా 10.3 మీటర్ల వరకు తోయగలదు. ఆచరణలో ఆరేడు మీటర్లు దాటితే కష్టమే. హద్దు దగ్గరపడిన కొద్దీ పంపులో ఆవిరి బుడగలు పుట్టి పగులుతుంటాయి, గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటే పంపును కిందికి దించాలే గాని ఇంజను విప్పనక్కరలేదు. ఫుట్‌వాల్వు జల్లెడకు ఆకులూ నాచూ పట్టినా, గొట్టం అతుకులో గాలి దూరినా నీరు తగ్గుతుంది. ఇవి రూపాయల్లో తేలే జబ్బులు.

మట్టం దిగలేదు, జల్లెడ శుభ్రంగానే ఉంది. అయినా నీరు తగ్గిందా? అయితే వేగం చూడాలి. పంపు వేగం పదో వంతు తగ్గితే అది నీటిని తోయగల ఎత్తు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ఎత్తు వేగం యొక్క వర్గాన్ని బట్టి ఉండటమే దీనికి కారణం. నిమిషానికి 650 చుట్లు తిరిగే పాతకాలపు నాలుగు ఘాతాల ఇంజను రెండు చుట్లకు ఒకసారి పొగ వదులుతుంది, అంటే నిమిషానికి 325 సార్లు. చెవితో లెక్కపెట్టడం కష్టం. కానీ చప్పుడును ఫోనులో రికార్డు చేసి నెమ్మదిగా వినిపిస్తే తేలిగ్గా లెక్కపెట్టవచ్చు. మా కాలంలో ఈ సౌకర్యం లేదు!

ఇంజను వేగం సరిగానే ఉండి పంపు వేగం తగ్గిందంటే దొంగ మధ్యలో ఉన్నాడు. అది బెల్టు. వదులైన బెల్టు జారుతుంది, వేడెక్కుతుంది, కాలిన రబ్బరు వాసన వేస్తుంది. (తిరుగుతున్న బెల్టు దగ్గరకు పంచె, ఓణీ, చెయ్యి ఏవీ పోకూడదు. ఇంజను ఆగాకే చూడాలి.)

కొత్తపట్నం తీరంలో పడవలుంటాయి. పడవ వెనుక తగిలించే ఇంజనును ఔట్‌బోర్డు ఇంజను అంటారు. దాన్ని 1909లో అమెరికాలో ఓలె ఎవిన్‌రూడ్ అమ్మకానికి తెచ్చాడు. దాని వైద్యం కూడా ఇంతే. ఇంజను జోరుగా తిరుగుతున్నా పడవ కదలకపోతే పంకా మధ్యనున్న రబ్బరు బుష్ జారుతూ ఉండవచ్చు. అది మన బెల్టు లాంటిదే. ఇంజనే పూర్తి వేగం అందుకోకపోతే పడవ అడుగున సముద్రపు నత్తగుల్లలు పట్టి బరువు పెరిగిందేమో చూడాలి. అది మన బావిలో దిగిన మట్టం లాంటిది. ఇవి రెండూ కాదని తేలాకే ఇంజను మూత విప్పుతారు.

మళ్ళీ మన బావి దగ్గరకు వద్దాం. ఇంజను నిజంగా అరిగితే మొదట తెలిసేది నీటి ధారలో కాదు, డీజిలు ఖర్చులో! ఇంజనులో గవర్నరు అనే పరికరం ఉంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి అమర్చిన ఏర్పాటుకు ఇది వారసురాలు. తిరిగే రెండు బరువులు వేగం తగ్గగానే దగ్గరకు ముడుచుకుంటాయి, డీజిలు మరికొంచెం వదిలిస్తాయి. వేగం మళ్ళీ సరిపోతుంది. మామయ్యకు ఏ తేడా కనిపించదు. అరుగుదలను గవర్నరు ఇలా ఏళ్ళ తరబడి కప్పిపెడుతుంది. ఇక వదలడానికి డీజిలు లేని స్థితి వచ్చిన రోజున గుట్టు బయటపడుతుంది. అందుచేత నోటుపుస్తకంలో మూడో గడి కూడా గీయండి. ట్యాంకులో గుర్తు దాకా డీజిలు పోసి, గంట నడిపి, మళ్ళీ గుర్తు దాకా ఎంత పట్టిందో కొలిచి రాయండి. అయిదు అశ్వసామర్థ్యాల ఇంజను నిండు బరువుతో నడిచినా గంటకు లీటరు, లీటరుంపావు మించకూడదు.

తర్వాత పొగ చూడండి. నల్లని పొగ అంటే డీజిలుకు తగ్గ గాలి లేదు. ఎర్రదుమ్ముతో గాలి వడపోత పూడిపోయి ఉండవచ్చు, లేదా నాజిలు డీజిలును తుంపరగా చల్లకుండా చుక్కలు కారుస్తూ ఉండవచ్చు. నీలిపొగ అంటే ఇంజనాయిలు కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తే డీజిలు సరిగా కాలడం లేదని అనుమానించాలి. బావి లోపలి గూట్లో పెట్టిన ఇంజను తన పొగనే తాను పీల్చుకుని బలహీనపడుతుంది. అలాంటి బావిలోకి మాత్రం మీరు దిగవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, కానీ ప్రాణం తీస్తుంది.

ఇక చివరిది సంపీడనం. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో తన ఇంజనును జయప్రదంగా నడిపి చూపాడు. అందులో నిప్పురవ్వ ఉండదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కుతుంది కదా! అలాగే గాలిని దాదాపు పదిహేడో వంతుకు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కి, డీజిలు తనంతట తానే అంటుకుంటుంది. పిస్టను రింగులు అరిగినా, వాల్వులు సరిగా మూసుకోకపోయినా ఆ గాలి జారిపోతుంది. రెంటిలో ఏదో తేల్చడానికి మెకానిక్కు ఒక చిట్కా వాడతాడు. ఇంజను ఆపి, చేత్తో తిప్పి, ఎంత ఎదురుతన్నుతోందో చూస్తాడు. తర్వాత సిలిండరులో ఒక చిన్న చెంచాడు నూనె వేసి మళ్ళీ తిప్పుతాడు. నూనె రింగుల సందులను కాసేపు మూస్తుంది. ఎదురుతన్ను పెరిగితే అరిగినవి రింగులు, లైనరు. మామయ్య అన్నమాట నిజమే. పెరగకపోతే గాలి వాల్వుల నుంచి పోతోందన్నమాట. అప్పుడు వాల్వులను నూరించి సరిగా కూర్చోబెడితే సరిపోతుంది, మిరపకాయల డబ్బు ఇంట్లోనే ఉంటుంది.