పెట్టె మారితే గొంతు మారుతుంది

"ఏ స్పీకరైతేనేం, ఏ పెట్టయితేనేం, మోగితే చాలదా?" అనే మాట హాస్టళ్లలో తరచుగా వినబడుతుంటుంది. సంతలో పాత కారు స్పీకరు కొనడం, చెడిపోయిన టీవీ డబ్బాలో బిగించడం, దాని మీద ఇంకో సెట్టులోంచి పీకిన ట్వీటరు తగిలించడం మనవాళ్లకి సరదా. సరదా మంచిదే. కానీ దాచుకున్న డబ్బులన్నీ పెట్టాక "బొంయ్, బొంయ్" అని ఒకటే మోత వస్తే ఏం లాభం? పాటలో డప్పేదో డోలేదో తెలియదు. మాట్లాడితే మాటే తెలియదు. తప్పు స్పీకరుదీ కాదు, పెట్టెదీ కాదు. ఆ రెంటికీ జోడీ కుదరలేదు, అంతే.

ముందు అసలు పెట్టె ఎందుకో చూద్దాం. ఉత్త స్పీకరుని చేత్తో పట్టుకుని పాట పెట్టండి. సన్నగా, పీలగా వినిపిస్తుంది. ఒక పెద్ద అట్టకి స్పీకరంత కంత కోసి, దానికి ఆనించి మళ్లీ వినండి. బేస్ ఎక్కడినుంచో ఊడిపడినట్టు వస్తుంది! కారణం ఇది. స్పీకరు పేపరు ముందుకి కదిలినప్పుడు ముందరి గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. అడ్డం లేకపోతే ముందుగాలి చుట్టూ తిరిగి వెనక్కి పోయి రెండూ చెల్లుకు చెల్లు అయిపోతాయి. 50 హెర్ట్జ్ శబ్దానికి ఒక్కో తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పొడుగు తరంగానికి మన చిన్న స్పీకరు అడ్డమే కాదు. 5000 హెర్ట్జ్ తరంగం 7 సెంటీమీటర్లే గనుక అది ముందుకే పోతుంది. అందుకే బేస్ ఒక్కటే మాయమవుతుంది.

సరే, వెనక పూర్తిగా మూసేస్తే? అక్కడే కొత్త సంగతి మొదలవుతుంది. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కి చూడండి, వెనక్కి తంతుంది. మూసిన పెట్టెలోని గాలి కూడా అలాగే స్ప్రింగులా పేపరుని వెనక్కి లాగుతుంది. పెట్టె ఎంత చిన్నదైతే స్ప్రింగు అంత గట్టి. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన ఈ గాలి స్ప్రింగునే పనికి పెట్టుకున్నాడు. పేపరు అంచుల్ని బాగా మెత్తగా ఉంచి, బిగువంతా గాలికే వదిలేశాడు. అలా చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ తీశాడు. కానీ ఆ స్పీకరు ఆ పెట్టె కోసమే పుట్టింది. ఆ పెట్టెలో అంచులు బిగువుగా ఉన్న వేరే స్పీకరు బిగిస్తే ఆ బేస్ రాదు.

మరి ఏది దేనికి సరిపోతుందో ఎలా తెలుస్తుంది? చెవితో వెతికితే చెక్కలన్నీ అయిపోతాయి. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, 1970ల మొదట్లో సిడ్నీలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ దీనికి లెక్క కట్టారు. మంచి స్పీకరుతో వచ్చే కాగితంలో ఇప్పటికీ వాళ్లిద్దరి పేరు మీదే అంకెలుంటాయి. మనకి మూడు చాలు. మొదటిది ఎఫ్.ఎస్. అంటే పేపరు తనంతట తాను ఊగే వేగం. రెండోది క్యూ.టి.ఎస్. ఊయలని తోసి వదిలేస్తే ఎంతసేపు ఊగుతూ ఉంటుందో, అలాంటిది. అంకె తక్కువైతే టక్కున ఆగుతుంది, ఎక్కువైతే ఊగుతూనే ఉంటుంది. మూడోది వి.ఎ.ఎస్., ఇది లీటర్లలో ఉంటుంది. పేపరు అంచుల బిగువు ఎన్ని లీటర్ల గాలి బిగువుతో సమానమో చెబుతుంది.

లెక్క చేద్దాం రండి, పదో తరగతి వర్గమూలం చాలు. వి.ఎ.ఎస్.ని పెట్టె లీటర్లతో భాగించి, 1 కలిపి, వర్గమూలం తీయాలి. వచ్చినదానితో ఎఫ్.ఎస్.నీ క్యూ.టి.ఎస్.నీ గుణించాలి. లోపలి కొలతలు 30, 20, 17 సెంటీమీటర్లు ఉన్న పెట్టె సుమారు 10 లీటర్లు. ఒక 6 అంగుళాల స్పీకరుకి ఎఫ్.ఎస్. 40, క్యూ.టి.ఎస్. 0.4, వి.ఎ.ఎస్. 30 అనుకుందాం. 30ని 10తో భాగిస్తే 3, ఒకటి కలిపితే 4, మూలం 2. పెట్టెలో పెట్టాక అవి 80 హెర్ట్జ్, 0.8 అయ్యాయి. 0.7 దగ్గర్లో ఉంటే శబ్దం సాఫుగా ఉంటుంది గనుక ఇది బాగున్నట్టే. ఇప్పుడు అదే పెట్టెలో ఇంకో 6 అంగుళాల స్పీకరు. వి.ఎ.ఎస్. అదే 30, ఎఫ్.ఎస్. 60, క్యూ.టి.ఎస్. 0.8. లెక్క 120 హెర్ట్జ్, 1.6 అని తేలుతుంది. అదే ఆ "బొంయ్"! చూడ్డానికి రెండూ ఒకటే సైజు, ఒకటే కంతలో పడతాయి. పైగా రెండోదానికి గదంత పెట్టె చేసినా 0.8 కిందికి దిగదు. కారు తలుపుల్లో బిగించడానికి చేసినవి చాలావరకు ఈ రకమే.

పెట్టెకి కంత పెట్టి గొట్టం దూర్చడం ఇంకో పద్ధతి. ఖాళీ సీసా మూతి మీద ఊదితే "భూ" మంటుంది కదా, ఆ సూత్రమే. గొట్టం పొడవు, వెడల్పు, పెట్టె లీటర్లు కలిసి ఏ శబ్దం దగ్గర పలకాలో నిర్ణయిస్తాయి. క్యూ.టి.ఎస్. 0.3, 0.4 ఉన్నవాటికి ఇది బాగా నప్పుతుంది. మూసిన పెట్టెకి ఊరికే కంత పొడిస్తే మాత్రం గొట్టం పలికే హద్దుకి కింద గాలి స్ప్రింగు పట్టు పోయి పేపరు టపటపా కొట్టుకుంటుంది. కుండ మూతి మీద స్పీకరు బోర్లించేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. అందులో తప్పేం లేదు, కుండ కూడా ఇన్ని లీటర్ల పెట్టే. పైగా గుండ్రంగా ఉంటుంది గనుక గోడలు అంతగా అదరవు.

అన్నట్టు, కిన్నెరకి సొరబుర్రలుంటాయి కదా, స్పీకరు పెట్టె కూడా అలాగే పలకాలి అనుకుంటారు కొందరు. సరిగ్గా తిరకాసు. కిన్నెర బుర్ర తన సొంత గొంతు కలపాలి. స్పీకరు పెట్టె మాత్రం నోరు మూసుకుని కూర్చోవాలి. కిన్నెర శబ్దం పాటలోనే ఉంది, పెట్టె మళ్లీ పాడక్కర్లేదు. అందుకే మందపాటి ప్లైవుడ్డు, లోపల అడ్డకర్రలు, దూది లేదా పాత కంబళి ముక్కలు.

ఇక ట్వీటరు. దానికి ముందు ఒక కండెన్సరు తప్పనిసరి, లేకపోతే బేస్ పోయి సన్నని కాయిలు మాడిపోతుంది. 8 ఓమ్‌ల ట్వీటరుకి 4.7 మైక్రోఫారడ్‌ది పెడితే సుమారు 4200 హెర్ట్జ్ నుంచి పైవి పోతాయి. అదే కండెన్సరుతో 4 ఓమ్‌ల ట్వీటరు పెట్టారా, హద్దు 8400కి ఎగబాకుతుంది! ఊఫరు 5000 దగ్గరే ఆగిపోతే మధ్యలో పెద్ద గొయ్యి. "స, శ" లాంటి అక్షరాలు చాలామట్టుకు ఆ గొయ్యిలోనే పడతాయి. గట్టితనం కూడా కలవాలి. ఊఫరు 86 డెసిబెల్, ట్వీటరు 92 అయితే ఆ "స" చెవిలో సూదిలా దిగుతుంది.

బి.బి.సి. ఇంజనీర్లు 1970లలో రేడియో వ్యాన్ల కోసం ఎల్.ఎస్.3/5ఎ అనే అడుగెత్తు స్పీకరు తయారుచేశారు. లోపల కె.ఇ.ఎఫ్. కంపెనీ ఊఫరు, ట్వీటరు. కాలం గడిచేకొద్దీ ఆ ఊఫరు గుణం కొద్దిగా మారింది. పేరు మారలేదు, కంపెనీ మారలేదు. అయినా 1980ల చివర్లో వాళ్లు కండెన్సర్లు, కాయిల్స్ ఉన్న క్రాసోవరు మొత్తం మళ్లీ రూపొందించాల్సి వచ్చింది. మరి మనం ముగ్గురు కంపెనీలవాళ్ల సామాన్లు కలిపి అదే మోత రావాలంటే వస్తుందా?

కొనేవాళ్లు ముందు స్పీకరు కొనండి, అంకెలు చూశాక పెట్టె కోయండి. అంకెలు తెలియని కారు స్పీకరు ఇప్పటికే మీ దగ్గరుంటే మూసిన పెట్టె వద్దు. రెండడుగుల వెడల్పు పలకకి బిగించి వెనక తెరిచే ఉంచండి. బేస్ కొంచెం తగ్గుతుంది గానీ మాట స్పష్టంగా వస్తుంది, ప్రార్థనకి అది చాలు. 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు ఉంటే పక్కపక్కన సమాంతరంగా కలపొద్దు. 2 ఓమ్‌లై ఆంప్లిఫయరు కాలుతుంది, వార్డెన్ సారు మనల్ని కాలుస్తారు. వరసగా కలిపితే 8 అవుతుంది. కలిపేముందు సైన్స్ సారుని అడిగి మల్టీమీటరుతో కొలవండి. 8 ఓమ్‌ల స్పీకరు మీటరులో 6 దగ్గర చూపిస్తుంది, 4 ఓమ్‌లది 3 పైచిలుకు. స్పీకరు చెడిందేమో అని కంగారుపడొద్దు, మీటరు కొలిచేది కాయిలు తీగ నిరోధాన్ని మాత్రమే.