నల్లరేగడిలో జేసీబీ

సూర్యాపేట జిల్లా మఠంపల్లి మండలంలో, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సాగయ్యే నల్లరేగడి పొలాలలో జేసీబీతో కందకం తవ్వించే రైతునూ, దానిని నడిపే ఆపరేటరునూ ఎక్కువగా విసిగించేది మట్టి గట్టిదనం కాదు, దాని జిగట. నిండుగా పైకి లేచిన బకెట్టును బోర్లిస్తే సగం మట్టే కింద పడుతుంది. మిగిలినది లోపల అంటుకొని, విడత విడతకూ పేరుకుపోయి, చివరకు బకెట్టులో చోటే లేకుండా చేస్తుంది.

నల్లరేగడిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువగా ఉంటుంది. 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నవైన దీని రేణువులు పలకల దొంతరల వలె ఉండి, వాటి నడుమకు నీరు చేరినప్పుడు ఉబ్బుతాయి, ఆరినప్పుడు ముడుచుకొని నేలను నెర్రెలు విచ్చేలా చేస్తాయి. తడిమట్టికీ ఉక్కుకూ మధ్య నిలిచే పలుచని నీటిపొర రెండింటినీ పట్టి ఉంచుతుంది. ముద్ద వెనుకకు గాలి చొరబడే దారి లేకపోవడంతో ఆ పట్టు మరింత బిగుస్తుంది. మట్టి తేమను బట్టి పొడి స్థితి నుండి ముద్దగానూ, ముద్ద నుండి జారుడుగానూ మారే హద్దులను స్వీడన్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ 1911లో నిర్వచించాడు. వాటిలో మొదటి హద్దును పొలంలోనే చూడవచ్చు: మట్టిని అరచేతితో సుమారు 3 మిల్లీమీటర్ల దారంలా పేనినప్పుడు అది విరగడం మొదలైతే తేమ ఆ హద్దుకు వచ్చినట్లు, విరగకుండా ఇంకా సన్నగా సాగుతూ ఉంటే బకెట్టుకు అంటుకొనే తేమ ఇంకా మిగిలి ఉన్నట్లే. దుక్కికి పదును చూసే రైతుకు ఇది కొత్త విద్యేమీ కాదు. యంత్రం బలమైనదన్న ధీమాతో ఆ పదునును పట్టించుకోకపోవడమే అసలు చిక్కు. కాలువలకు నీరు కట్టేశాక, నేల బిగిసి రాయిలా మారక ముందు దొరికే కొద్ది వారాలే తవ్వకానికి అనువైన కాలం.

అంతవరకు ఆగడానికి వీలులేని పనులలో వెడల్పైన, లోతు తక్కువగల బకెట్టు మేలు. ఇరుకైనది త్వరగా పూడుకుపోతుంది. పళ్ళు లేని బకెట్టు జిగటమట్టికి అనువైనదే అయినా, సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయి ఈ ప్రాంతంలో చాలాచోట్ల రేగడి అడుగునే ఉండడం వల్ల పళ్ళను పూర్తిగా వదులుకోవడం ఇక్కడ కుదరదు. నిండుగా తీయకుండా పలుచని పొరలుగా కోయడం, మట్టి ఎండి గట్టిపడక ముందే బకెట్టును నేలకు దించి, ఇంజను ఆపి, పారతో గీకివేయడం ఖర్చులేని ఉపాయాలు. బకెట్టును అదేపనిగా విదిలించడం మాత్రం చవకగా కనిపించే ఖరీదైన అలవాటు. దాని వల్ల పిన్నులూ బుష్‌లూ అరిగి, కీళ్ళు వదులవుతాయి. యంత్రం కాళ్ళు మెత్తని నేలలో దిగబడకుండా వాటి కింద మందపాటి చెక్కలు పరచుకోవాలి.

జిగట ఎక్కువగా ఉన్న మట్టి నిలువుగా కోసినా నిలబడుతుందన్న నమ్మకం ప్రమాదకరమైనది. కోసిన గంటకు నిటారుగా కనిపించిన గోడే, నెర్రెలలోకి నీరు దిగిన తరువాత పెళ్ళలుగా విరిగి పడవచ్చు. ఘనమీటరు తడిమట్టి బరువు టన్నున్నర దాటుతుంది. కాబట్టి మనిషి దిగవలసిన కందకం ఒకటిన్నర మీటరు మించితే పక్కలను వాలుగా కోయడమో, చెక్కలతో ఊతమివ్వడమో చేయాలి. తవ్విన మట్టిని అంచున పోయకుండా దూరంగా పోయాలి. రాత్రి వాన పడితే తెల్లవారి గోడలను పరిశీలించిన తరువాతే కూలీలను దించాలి.