మీకు తెలుసా? ‘చెరిష్’ అంటే ప్రేమించడం ఒక్కటే కాదు

ఇంగ్లీషు క్రియ ‘చెరిష్’కు మూలం ఫ్రెంచి భాషలో ప్రియమైన అనే అర్థమున్న ‘షేర్’. దానికి మూలం లాటిన్ ‘కారుస్’. ఈ లాటిన్ మాటకు ప్రియమైనది, ఖరీదైనది అని రెండర్థాలూ ఉన్నాయి. దానధర్మాలకు వాడే ‘చారిటీ’ కూడా ఈ కుదురు నుంచి వచ్చిందే.

‘లవ్’ మనసులోని ఇష్టాన్ని చెబుతుంది. ‘చెరిష్’లో ఆ ఇష్టంతోపాటు అపురూపంగా చూసుకోవడం, పదిలంగా కాపాడుకోవడం కూడా ఉంటాయి. 1549 నాటి ఇంగ్లండు చర్చి ప్రార్థన గ్రంథంలోని పెళ్లి ప్రమాణంలో ఈ రెండు క్రియలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఉంటే రెండోది ఎందుకన్న ప్రశ్నకు ఈ తేడా ఒక జవాబు కావచ్చు.

మనుషులకే కాదు, జ్ఞాపకాలకూ ఆశలకూ ఆశయాలకూ ఈ క్రియ నప్పుతుంది. ‘షి చెరిషెస్ హర్ గ్రాండ్‌మదర్స్ లెటర్స్’ అంటే అమ్మమ్మ ఉత్తరాలను ఆమె ప్రాణంగా దాచుకుంటోందని అర్థం. తెలుగులో ‘దాచుకుంటోంది’ అన్నా, ఇంగ్లీషులో ‘ఈజ్ చెరిషింగ్’ అనడం అరుదు. క్రియ తర్వాత ‘అబౌట్’, ‘ఆన్’ వంటివేవీ చేర్చకూడదు. టీ, సినిమా వంటి రోజువారీ ఇష్టాలకు ఇది మరీ బరువైన మాట. వాటికి ‘లైక్’ చాలు.

భారత రాజ్యాంగంలోనూ ఈ క్రియ ఉంది. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చిన 51-ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను చెబుతుంది. స్వాతంత్ర్య పోరాటానికి స్ఫూర్తినిచ్చిన ఉదాత్త ఆశయాలను గుండెల్లో నిలుపుకుని అనుసరించాలన్నది వాటిలో ఒకటి. గుండెల్లో నిలుపుకోవడానికి దాని ఇంగ్లీషు పాఠంలో వాడిన మాట ‘చెరిష్’.