రెప్పపాటు కన్నా చిన్న వెలుగు

పెళ్లి పీటల మీద జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం. ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ తలను వధూవరుల వైపు కాకుండా పైకప్పు వైపు తిప్పి నొక్కుతాడు. వెలుగు కావలసింది ముఖాలకు కదా, కప్పుకెందుకు? ఆ తల పైకి తిరగడానికి ముందు ఈ యంత్రం చాలా దూరం నడిచి వచ్చింది.

మొదట అది నిప్పే. 1887లో జర్మనీలో మీథె, గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్ కలిపి భగ్గుమనిపించారు. న్యూయార్క్ పేదల ఇరుకు గదుల చీకటిని జేకబ్ రీస్ లోకానికి చూపించింది ఆ పొడి వెలుగులోనే. ఆ పనిలో రెండుసార్లు ఇంటికీ, ఒకసారి తనకూ నిప్పంటుకుందని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. తర్వాత మంట గాజుబుడ్డిలోకి చేరింది. పొగ పోయింది కానీ బల్బుకు ఒక్క ఫొటోయే.

అసలు మలుపు అమెరికాలో, ఎంఐటీలో వచ్చింది. మోటార్లు తిరిగే తీరును పరిశీలిస్తున్న హెరాల్డ్ ఎడ్జర్టన్, వాటి వేగానికి సరిగ్గా జత కలిసేలా వెలుగును మెరిపిస్తే తిరిగే చక్రం నిలబడిపోయినట్టు కనిపించడం గమనించాడు. 1931 నాటికి ఆ మెరుపును కెమెరాకు జోడించాడు. పాలచుక్క పడ్డచోట కిరీటంలా లేచిన పాలను 1957లో ఆయన తీసిన రంగుల ఫొటో నేటికీ ఎవరినైనా ఆపేస్తుంది.

ఇప్పటి ఫ్లాష్‌లో ఉన్నదీ ఆ సూత్రమే. నాలుగు పెన్సిల్ బ్యాటరీల ఆరు వోల్టులను లోపలి సర్క్యూట్ సుమారు మూడు వందలకు పెంచి కెపాసిటర్‌లో నింపుతుంది. అప్పుడు వినిపించే సన్నని కూత అదే. పుల్లంత గాజుగొట్టంలో జెనాన్ వాయువు ఉంటుంది. మామూలుగా దానిలోంచి కరెంటు పోదు. బటన్ నొక్కగానే కొన్ని వేల వోల్టుల తాకిడికి అది దారి ఇస్తుంది, కెపాసిటర్ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఇంకొకటి: ఈ వెలుగును తగ్గించాలంటే దీపాన్ని మసకబార్చరు, ముందే ఆర్పేస్తారు. పూర్తి శక్తితో సెకనులో ఇంచుమించు 1,000వ వంతు వెలిగేది, బాగా తగ్గిస్తే 20,000వ వంతు దాకా కుదించుకుపోతుంది. తేనెపిట్ట రెక్క కూడా అందులో కదలకుండా దొరుకుతుంది.

ఇక దిశ. కెమెరాలోనే ఉండే ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి కళ్లు ఎర్రబడతాయి, ముఖం చదునైపోతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతే అందుతుంది, అందుకే ముందువరుస తెల్లబడి వెనకవరుస చీకట్లో కలుస్తుంది. విడి ఫ్లాష్ తలను కప్పు వైపు తిప్పితే కప్పంతా దీపమవుతుంది, నీడలు మెత్తబడతాయి. అయితే కప్పు రంగూ ముఖాల మీదికి దిగుతుంది. మా బంధువుల ఇంట్లో స్లాబుకు ఆకుపచ్చ రంగు ఉందని చూసుకోక తీసిన నిశ్చితార్థం ఫొటోల్లో అందరి ముఖాలూ పసరు పూసినట్టు వచ్చాయి.

మరునాడు అదే గదిలో ఫ్లాష్‌ను పక్కనున్న తెల్లగోడ వైపు తిప్పాను. వెలుగు కిటికీలోంచి వచ్చినట్టు ఒక పక్కగా పడింది. అమ్మమ్మ చెంప మీది ముడతలు ఒక్కొక్కటీ విడివిడిగా, ముక్కుపుడక మీద చిన్న మెరుపుతో వచ్చాయి.