మూత తీస్తేనే తెలిసే వాచీ

నకలు వాచీల్లో రకాలున్నాయి. రోలెక్స్, ఒమేగా, రాడో లాంటి పేర్లు డయల్ మీద అచ్చేసి, ఆ కంపెనీతో ఏ సంబంధమూ లేనివాళ్లు తయారుచేసి అమ్మేది ఒకటి. బజారులో దాన్ని ‘ఫస్ట్ కాపీ’ అంటారు, ‘సెవెన్ ఏ’ అంటారు, మొహమాటం లేనివాళ్లు డూప్లికేట్ అనే అంటారు. అసలు వాచీయే అయినా పాత డయల్‌ను గీకి, కొత్త రంగు కొట్టి, కొత్త అక్షరాలు అచ్చేసి కొత్తదిలా అమ్మేది రెండోది. పాడైపోయిన నాలుగైదు వాచీల నుంచి పనికొచ్చే భాగాలు ఏరి ఒకే కేసులో బిగించినది మూడోది. పేరున్న మోడల్ పోలికను అరువు తెచ్చుకున్నా సొంత పేరుతోనే అమ్ముడయ్యే వాచీలు వేరు. వాటిని ‘హోమేజ్’ అంటారు. అవి ఎవరినీ మోసం చేయవు కాబట్టి ఈ లెక్కలో కలపడం న్యాయం కాదు. తక్కిన మూడు రకాలూ సరదాగా వాచీలు పోగేసేవాళ్ల చేతికి ఏదో ఒకనాడు వచ్చేవే. తెలిసి కొంటే అదొక ముచ్చట, తెలియక కొంటే నష్టం.

నిమ్మనపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలోకి చేతి గడియారం మూడు దారుల్లో వచ్చింది. ఒక దారి బెంగళూరుది. 1953లో మొదలైన హిందుస్థాన్ మెషీన్ టూల్స్ (హెచ్ఎంటీ), జపాన్ సిటిజన్ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుని 1961లో అక్కడ వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. రెండో దారి కుప్పానికి పడమరగా ఉన్న హోసూరుది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఆ ఊళ్లోనే టాటాలూ తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థా కలిసి 1984లో మొదలుపెట్టిన టైటాన్ తన ఫ్యాక్టరీ కట్టింది. మూడోది గల్ఫ్ దారి. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పనికి వెళ్లినవాళ్లు సెలవుకు వస్తూ తెచ్చిన సీకోలూ, సిటిజన్లూ, డబ్బు ఆడినవాళ్లు తెచ్చిన రాడోలూ ఈ చుట్టుపక్కల ఇళ్ల బీరువాల్లో ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో సహకారంతో వాచీలు చేసింది. అవి ఇప్పుడు అరుదుగా కనిపిస్తాయి, కనిపించినా నకళ్లు చేసే మోజు వాటిమీద ఎవరికీ లేదు.

నకలు బెడద ఎక్కువగా ఉన్నది, అందరూ చవక అనుకునే హెచ్ఎంటీకే. లక్షల విలువైన స్విస్ వాచీకి నకలు చేశారంటే అర్థముంది, జనతా వాచీకి ఎందుకు అనిపిస్తుంది. కారణం ఆ కంపెనీ కథలో ఉంది. మొదటి విడత వాచీలను నెహ్రూ చేతుల మీదుగా విడుదల చేశారు. ఆ తర్వాత జనతా, పైలట్, సోనా, కోహినూర్, జవాన్, కంచన్, రజత్, ఆడవాళ్లకు సుజాత, చూపు లేనివాళ్లు మూత తీసి ముళ్లను తడిమి వేళ తెలుసుకునే బ్రెయిలీ వాచీ, ఇలా ఎన్నో మోడళ్లు వచ్చాయి. శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలోనూ ఫ్యాక్టరీలు లేచాయి. పెళ్లిలో అల్లుడికీ, పదో తరగతి పాసైన కొడుక్కీ, రిటైరయ్యే గుమాస్తాకూ హెచ్ఎంటీయే కట్టేవారు. సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చాక, అందులోనూ టైటాన్ వచ్చాక, కీ ఇచ్చే వాచీకి గిరాకీ పడిపోయింది. నష్టాలు పేరుకుని చివరికి 2016 జనవరిలో హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. తుమకూరు ఫ్యాక్టరీ స్థలం ఇస్రో చేతికి వెళ్లింది. మూసేస్తారన్న వార్తతోనే జనానికి పాత వాచీ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. విదేశాల నుంచి ఆన్‌లైన్‌లో కొనేవాళ్లూ తోడయ్యారు. కోట్ల సంఖ్యలో తయారైన వాచీ కాబట్టి పాత సరుక్కి లోటు లేదు. కానీ ముఖం కళకళలాడుతున్నవి తక్కువ. ఆ లోటును రంగు డబ్బాలు తీర్చాయి.

ఇలా తయారైన వాచీలకు సేకర్తలు పెట్టిన పేరు ‘ముంబై స్పెషల్’. పని చేసే తీరు తేలికే. పాత డయల్ మీది రంగంతా కడిగేస్తారు, కొత్త రంగు కొట్టి ఆరబెడతారు, అక్షరాలు చెక్కిన పలక మీద సిరా పూసి, మెత్తటి సిలికాన్ ముద్దతో ఆ సిరాను ఎత్తి డయల్ మీద ఒత్తుతారు. కేసుకు పాలిష్ పట్టి, గ్లాసు మార్చి, బెల్టు వేస్తే పాతికేళ్లు పెట్టెలో పడున్న వాచీ కూడా పెళ్లికొడుకులా తయారవుతుంది. పైలట్ అనగానే సేకర్తల మనసులో మెదిలేది నల్ల డయల్, దానిమీద చీకట్లో మెరిసే అంకెలు. ఎర్ర పైలట్, ఆకుపచ్చ పైలట్, మువ్వన్నెల పైలట్, సైన్యం చిహ్నం అచ్చేసిన పైలట్ ఇవన్నీ చాలావరకు ఫ్యాక్టరీ గడప దాటాక రంగు మార్చుకున్నవే. రంగు ఎంత ముద్దొస్తే అంత అనుమానించాలి.

పట్టుకోవడానికి రిపేరు చేసేవాళ్లు కంటికి తగిలించుకునే చిన్న భూతద్దం చాలు. ఫ్యాక్టరీ అచ్చులో అక్షరాల అంచులు బ్లేడుతో కోసినట్టు ఉంటాయి, మారు అచ్చులో సిరా పక్కకు పాకినట్టు కనిపిస్తుంది. నిమిషాల గీతలు గంటల గుర్తులకు ఎదురుగా సరిగ్గా కూర్చోవు, లేదా అంచు చుట్టూ ఒకవైపు ఎడం, ఒకవైపు ఇరుకు అవుతాయి. ఆరు అంకె కింద, డయల్ అడుగు అంచున ఉండే సన్నటి అక్షరాలూ అంకెలూ మారు అచ్చువాళ్లు వదిలేస్తారు, వేసినా లావుగా వేస్తారు. డయల్ మీది మెరుపు మందు తెల్లగా తాజాగా ఉండి ముళ్ల మీది మందు పాతబడి గోధుమరంగుకు తిరిగిందంటే, రెండింటిలో ఒకటి తర్వాత వచ్చిందన్నమాట. పాత స్విస్ వాచీల్లో ఈ మెరుపు మందు 1960ల దాకా రేడియం కలిసినదే. దాన్ని గోటితో గీకి చూడకూడదు, ఆ పొడి ఊపిరితో లోపలికి పోవడం ప్రమాదం.

అయితే ముంబై స్పెషల్ అంతా దగా అనడం కూడా సరికాదు. రంగు మార్చినట్టు ముందే చెప్పి, దానికి తగ్గ ధరకే అమ్మితే అదొక ముస్తాబైన వాచీ, అంతే. అసలు పైలట్ అని చెప్పి అసలు పైలట్ ధర అడిగినప్పుడే అది మోసమవుతుంది.

గల్ఫ్ దారిన వచ్చిన వాచీల్లో ఎక్కువ నకళ్లున్నది రాడోకే. 1962లో వచ్చిన డయాస్టార్ కేసు టంగ్‌స్టన్ కార్బైడ్ కలిసిన గట్టి లోహంతో, గ్లాసు నీలమణి స్ఫటికంతో చేసింది. మామూలు వాడకంలో గీతలు పడవు, చేతికి బరువుగా తగులుతుంది. గీకి చూస్తే అసలుదో కాదో తెలిసిపోతుంది కానీ ఏ దుకాణదారుడూ గీకనివ్వడు. అందుకని పాతవాళ్లు డయల్ మీది లంగరు గుర్తును చూస్తారు. పాత ఆటోమేటిక్ రాడోలో ఆ చిన్న లంగరు చెయ్యి కదిపినప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. నకలులో అది అంటించిన బొమ్మ, ఊగదు. కొన్ని నకళ్లలో ఊగుతుంది కూడా కాబట్టి ఇదొక్కటే చూసి సంతకం పెట్టేయకూడదు.

సీకోకు ఇంతకంటే నమ్మకమైన ఆధారం వెనక మూత మీదే ఉంటుంది. మోడల్ నంబరులో మొదటి నాలుగు అక్షరాలు లోపలి మెషీన్ పేరు: 7009 అంటే ఒక తరం, 1996 తర్వాత వచ్చిన 7ఎస్26 ఇంకో తరం. డయల్ అడుగున సన్నగా ముద్రించిన నాలుగు అక్షరాలూ అవే కావాలి. విడిగా ఉండే సీరియల్ నంబరులో మొదటి అంకె తయారైన సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. ఏ దశాబ్దమో మెషీన్ పేరే చెబుతుంది. వెనక 7009 అని ఉండి డయల్ మీద ఇంకేదో ఉంటే ఆ వాచీ రెండు వాచీల సంసారం. వారం పేర్లు ఇంగ్లిష్‌లోనూ అరబ్బీలోనూ కనిపించే సీకో 5 ను చూసి అనుమానపడనక్కర్లేదు, గల్ఫ్ బజారుకు వెళ్లిన సరుకు అలాగే ఉంటుంది.

ఇక అచ్చమైన ఫస్ట్ కాపీలు. చవకవాటి లోపల ఉండేది క్వార్ట్జ్ మెషీన్. డయల్ మీది చిన్న చిన్న వలయాల్లో ముళ్లు చాలాసార్లు అలంకారానికే ఉంటాయి, మీట నొక్కితే కదలవు, కదిలినా వేరే లెక్క చూపిస్తాయి. ఖరీదైన కాపీల్లో చైనా ఆటోమేటిక్ మెషీన్లు ఉంటాయి. పేటెంట్ గడువు తీరిన స్విస్ ఈటీఏ మెషీన్‌ను పోలినవి కొన్ని, సిటిజన్ సంస్థ మియోటా పేరుతో అమ్మే మెషీన్ పెట్టినవి కొన్ని. జనతా వాచీకి ప్రాణం పోసిన కంపెనీ మెషీనే ఈనాటి దొంగ రోలెక్స్ కడుపులోనూ దొరకడం విచిత్రమే.

సెకన్ల ముల్లు టిక్కుమని దూకితే దొంగది, జారినట్టు పోతే అసలుది అనే మాట క్వార్ట్జ్ కాపీలను పట్టుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. హెచ్ఎంటీ కీ వాచీ గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది. 7ఎస్26 సీకో 6 సార్లు, ఇప్పటి రోలెక్స్ 8 సార్లు. చైనా మెషీన్లలోనూ 8 సార్లు కొట్టుకునేవి ఉన్నాయి, ముల్లు అంతే నున్నగా జారుతుంది.

చట్టం సంగతి సూటిగానే ఉంది. 1999 ట్రేడ్ మార్కుల చట్టం 103, 104 సెక్షన్లు ఇతరుల గుర్తును దొంగతనంగా వేయడాన్నీ, అలాంటి సరుకును అమ్మడాన్నీ, అమ్మడానికి దగ్గర ఉంచుకోవడాన్నీ నేరంగా చూస్తాయి. శిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. సొంతానికి ఒకటి కొనుక్కున్నవాడి మీద కాక అమ్మేవాడి మీదే ఈ సెక్షన్ల చూపు. కానీ మోజు తీరాక దాన్ని ఇంకొకరికి అమ్మబోయిన రోజున సేకర్త కూడా అమ్మేవాడే. కంపెనీ సర్వీసు సెంటర్లు కాపీలను ముట్టవు. ఊళ్లో రిపేరువాళ్లు ముట్టినా, ఏ మెషీన్ దొరికితే అది పెట్టి చేసిన వాచీకి విడిభాగం తెచ్చివ్వలేరు. డబ్బు పెట్టి కాపీ కొనడం కంటే అదే డబ్బుతో పాత సీకోనో హెచ్ఎంటీనో కొనడం తెలివైన పని.

కొనేచోటు హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ కావచ్చు, ఊళ్లోని పాత రిపేరు దుకాణం కావచ్చు, ఫోన్‌లో చూసి కొనడం కావచ్చు. మూత తీసి మెషీన్ చూపించమని అడగడమే అసలు పరీక్ష. ఫోన్‌లో అయితే మెషీన్ ఫొటో పంపమనాలి. పంపకుండా డయల్ ఫొటోలే పది పంపేవాళ్లను వదిలేయడం మేలు. మెషీన్‌లో తుప్పు, మరలకు గాట్లు, నూనె ఎండి నల్లబడిన మరకలు కనిపిస్తాయా, బ్యాలెన్స్ వీల్ ధారాళంగా ఊగుతోందా చూడాలి. వాచీ కొట్టుకునే చప్పుడు విని రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతోందో చెప్పే ఫోన్ యాప్‌లు ఉన్నాయి. యాభై ఏళ్ల జనతా రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయితే ఆరోగ్యంగా ఉన్నట్టే.

కొన్నాక చేయాల్సినవి చిన్న పనులే. కీ వాచీకి రోజూ ఒకే వేళ, పొద్దున, కీ ఇవ్వాలి. వేలికి బిగువు తగలగానే ఆపాలి. తేదీ చూపే వాచీల్లో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా తేదీ మార్చకూడదు. ఆ వేళ తేదీ చక్రం పళ్లు కరుచుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. 7ఎస్26 సీకోకు కీ తిప్పితే స్ప్రింగు బిగియదు, చేతికి కట్టుకుని తిరగాల్సిందే. పాత వాచీ మీద ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఎంత పెద్దగా ఉన్నా రబ్బరు వాషర్లు ఎప్పుడో గట్టిపడి ఉంటాయి కాబట్టి నీళ్లకు దూరంగా ఉంచాలి. స్పీకర్లు, ఇండక్షన్ పొయ్యిల దగ్గర పెడితే హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం పట్టి చుట్లు అతుక్కుంటాయి, వాచీ ఉన్నట్టుండి గంటకు నిమిషాలకు నిమిషాలు ముందుకు పరుగెత్తుతుంది. అది జబ్బు కాదు, అయస్కాంతం తీసే చిన్న పరికరంతో క్షణంలో పోతుంది. ఎండాకాలం చెమటకు తోలు బెల్టు నెలల్లో పాడైపోతుంది, చైనో గుడ్డ బెల్టో నయం. పక్కన పెట్టేసే క్వార్ట్జ్ వాచీల్లోంచి సెల్లు తీసేయాలి, కారిందంటే లోపలి పలక తినేస్తుంది. జనతా లాంటి పాత వాచీల గ్లాసు ప్లాస్టిక్ జాతిది, చిన్న గీతలు మెత్తటి గుడ్డకు టూత్‌పేస్టు రాసి రుద్దితే పోతాయి. అసలు గాజు మీద ఈ చిట్కా పనిచేయదు.

నాలుగైదేళ్లకోసారి సర్వీసు తప్పదు. మెషీన్ మొత్తం విప్పి, కడిగి, చక్రాల ఇరుసులు తిరిగే రాళ్లలో సూదిమొన అంత నూనె వేయడమే సర్వీసంటే. విప్పకుండా పెట్రోలు చల్లి పైన నూనె చుక్క వేసి ఇచ్చేస్తే వాచీ కొన్నాళ్లు హుషారుగా నడిచి, తర్వాత అరుగుదల పట్టి ఆగిపోతుంది. పని తెలిసిన రిపేరువాళ్లు ఊరికి ఒకరిద్దరే మిగిలారు. వాళ్లకైనా విడిభాగాలు కావాలి. హెచ్ఎంటీ పేరుతో కొత్త వాచీలు ఇప్పటికీ అమ్ముడవుతున్నా, పాత మెషీన్ల భాగాలు మాత్రం పాత వాచీల నుంచే రావాలి. అందుకే అనుభవమున్న సేకర్తలు ఒక జనతా కట్టుకోవడానికీ, ఇంకొకటి విడిభాగాలకూ కొంటారు. ఆ రెండోదానికి డయల్ గీకి రంగు కొట్టిన ముంబై స్పెషల్ చక్కగా సరిపోతుంది. ముఖం ఏదైనా, దాని లోపల 17 రాళ్ల మెషీన్ చాలాసార్లు అసలుదే.