ఆలుమగల తగవు - పెద్దల తీర్పు



ఆలుమగల తగవు అన్నము తినువరకే యని మనవారందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కూరలో ఉప్పెక్కువైనదని యొకరు, సంతనుండి తెమ్మన్నది తేలేదని యొకరు, బంధువులయింటి పెండ్లికి ఎంత చదివింపవలెనని యిద్దరును వాదులాడుకొందురు. ఇట్టి కలహములు లేని యిల్లు నేనింతవరకు చూడలేదు. చూచితినని యెవరైన చెప్పినచో, ఆ యింట ఒకరు నోరు మూసికొని బ్రతుకుచున్నారేమో యని నాకు అనుమానము కలుగును. నేటి నా ప్రసంగము ఆ కలహములను గూర్చి కాదు. కలహమను పేరు పెట్టి మనము కప్పిపుచ్చుచున్న మఱియొకదానిని గూర్చి.

ఈ రెంటికిని భేదమెట్లు తెలియును? కలహమున ఇద్దరును మాటలాడుదురు. ఒకనాడు ఆమె మాట నెగ్గును, ఒకనాడు అతని మాట నెగ్గును. మఱునాటికి ఎవరికిని భయముండదు. రెండవదానియందట్లు కాదు. వీధి తలుపు చప్పుడు కాగానే ఒక మనిషి గుండె జల్లుమనును. ఆ పూట ఎట్లు గడచునో యని అడుగుల సవ్వడినిబట్టియే లెక్క వేసికొనును. కేకలు ఎంత పెద్దవి, ఎన్నిమారులు తగవు వచ్చినది అని విచారింపవలదు. భయము ఎవరియందున్నదో చూడవలెను. భర్తను బాధించు భార్యలును లోకమున లేకపోలేదు. కాని మన పంచాయతీల యరుగులకు వచ్చు తగవులలో భయపడుచున్నది ఎక్కువగా ఆడుదియే.

"వాడు మంచివాడే, కోపము వచ్చిన ఒడలు తెలియదు" అని తలిదండ్రులు చెప్పుదురు. ఈ మాటను నేను చాలనాళ్లుగా వినుచున్నాను; నమ్మజాలకున్నాను. ఎరువుల దుకాణమున అప్పు పుట్టక, పదిమందిలో మాటపడినవాడు ఆ దుకాణదారునిపై చేయి యెత్తడు. పట్టాదారు పుస్తకమునకై ఆఱుమారులు త్రిప్పిన యుద్యోగిని పల్లెత్తుమాట యనడు. ఇంటికి వచ్చి అన్నపు పళ్లెము విసరివేయును. ఒడలు తెలియనివానికి ఎవరిని కొట్టవచ్చునో, ఎవరిని కొట్టరాదో యింత చక్కగా తెలియుటెట్లు? దెబ్బ రవికె కప్పుచోటనే పడుటెట్లు? గడియ వేసిన తరువాతనే చేయి లేచుటెట్లు? కోపము అందఱకును వచ్చును. కొట్టుట యనునది కోపము కాదు. కొట్టినను నన్నడుగువారు లేరను ధైర్యము.

త్రాగుడును గూర్చియు ఇదియే చెప్పవలసియున్నది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల కథ మీలో పెక్కురెఱుగుదురు. అక్షరదీపమను కార్యక్రమమున చదువు నేర్చుకొనుచు, వాచకములోని సీతమ్మ కథ చదివి, ఇది మన యిండ్ల కథయే కదా యని లేచి, ఆ స్త్రీలు తమయూరి సారాయి దుకాణమును మూయించిరి. అది జిల్లాలన్నింటికి ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. కూలి డబ్బు త్రాగుడుపాలగుట, రాత్రి దెబ్బలు తినుట వారికి వేర్వేఱు కష్టములు కావు. అంతమాత్రమున సారాయియే కొట్టినదనుకొనరాదు. త్రాగుడు దెబ్బను పెద్దది చేయును. కాని త్రాగియు కొట్టనివారున్నారు, త్రాగకయే కొట్టువారును ఉన్నారు. "ఇకమీదట త్రాగను" అని ప్రమాణము చేయించి తగవు తీర్చితిమనుకొనుట వలన, అసలు సంగతి విచారణకే రాకపోవును.

గురజాడవారి కన్యాశుల్కమున అగ్నిహోత్రావధానులుగారి కోపమును చూచి మనము కడుపుబ్బ నవ్వుదుము. ఆ నవ్వులో, ఆయన పట్టుదలకు తాళలేక నూతదూకిన వెంకమ్మగారిని మఱచుదుము. మన యూళ్లలోను అంతే. ముక్కోపి యని పేరు పొందినవానిని గూర్చి అరుగులమీద వేడుకగా చెప్పుకొందురు. ఆ కోపమునకు వెల యిచ్చుచున్నవారు లోపలి గదిలో నుందురు.

ఇది ఎక్కడనో యొక యింట జరుగునది యనుకొందురేమో. 2019-21 నడుమ జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 మొదలు 49 ఏండ్ల వయసుగల వివాహిత స్త్రీల నడుగగా, భర్తవలన హింసకు లోనైతిమని చెప్పినవారు ఆంధ్రప్రదేశమున నూటికి 30 మంది, తెలంగాణమున నూటికి దాదాపు 37 మంది. అంతకంటె నన్ను కలవరపెట్టినది వేఱొకటి. అదే సర్వేలో, ఏదో యొక కారణమునకు భర్త భార్యను కొట్టుట తగునని రెండు రాష్ట్రములందును నూటికి 84 మంది స్త్రీలే చెప్పిరి. కొట్టినది తప్పని తానే యనుకొననిది, మీ ముందుకు వచ్చి న్యాయమడుగునా? ఆమె ఫిర్యాదు చేయలేదు కావున ఏమియు లేదని మీరు నిశ్చయించుటకు వీలులేదు.

కావున అనుమానమును గూర్చి కొంత చెప్పవలెను. నేను చాలకాలము పల్లెబడులలో చదువు చెప్పితిని. నల్లబల్ల తుడుచుటకు చేయి యెత్తినంతనే తల కాచుకొను పిల్లలను చూచితిని. వారిని నేనెన్నడును కొట్టియుండలేదు. ఆ పిల్లల తల్లులు తరచుగా "నూతికడ జారిపడితిని" అనువారు. జారిపడినవారికి మోకాళ్లు, అరచేతులు, మోచేతులు గీచుకొనును. మెడమీదను, చెవివెనుకను, భుజము లోపలిప్రక్కను కమలదు. దెబ్బకును చెప్పిన కథకును పొందిక లేకుండుట, ఆసుపత్రికి రెండుమూడు దినములు జాగు చేయుట, తమ్ముని పెండ్లికైనను పుట్టినింటికి పంపకుండుట, ఏమడిగినను భర్త మొగము చూచి బదులు చెప్పుట, చేతిలో దమ్మిడీ లేకుండ చేయుట - వీనిలో ఏ యొక్కటియు నిదర్శనము కాదు. రెండు మూడు కలసి కనబడినపుడు ఊరకుండుట పెద్దఱికము కాదు.

అయితే విచారించు పద్ధతియే మనవద్ద తలక్రిందుగ నున్నది. ఇద్దరిని ఎదురెదురుగ నిలువబెట్టి, ఇరువైపుల బంధువులు వినుచుండ, "అమ్మాయీ, నిన్ను కొట్టుచున్నాడా?" యని యడుగుదుము. ఆ రాత్రి ఆమె ఆ యింటికే పోవలసియున్నది గదా! లేదనియే చెప్పును. "చూచితిరా, ఏమియు లేదు" అని మనము లేతుము. ఆమెను ఒంటరిగా, ఆమెకు నమ్మకముగల యొక స్త్రీచేత, నీళ్లకో పాలకో పోయినట్లు పోయి యడిగింపవలెను. "నీవేమి చేసితివి?" అనుటకు మారుగా "ఇంటికి పోవుటకు భయముగా నున్నదా?" యని యడుగవలెను. చెప్పిన మాట అతని చెవి సోకరాదు.

కొన్ని సంగతులు వినబడినచో రాజీప్రయత్నమును అక్కడనే మానవలెను. గొంతు నులిమినాడన్నచో, మెడపై మచ్చ కనబడకపోయినను, అది ప్రాణాపాయము; అట్లు చేసినవాడు ముందుముందు చంపుటకు అవకాశము మిక్కిలి యెక్కువయని పరిశోధనలు చెప్పుచున్నవి. అదే దినమున వైద్యునికి చూపవలెను. కిరసనాయిలు, కత్తి, పురుగులమందు పేర్లు చెప్పి బెదరించుట, గర్భిణిని కొట్టుట కూడ ఇట్టివే. మఱియొకటి: ఆమె ఇల్లు విడచిపోవుదునన్న దినములే అన్నింటికంటె గండమైన దినములు. మనము ఆ దినములలోనే "నాలుగు మాటలు చెప్పి దింపివత్తము" అని బండి కట్టింతుము.

పోలీసుకేసు పెట్టిన కాపురము కూలునని పెద్దలు జంకుదురు. ఆ జంకులో అర్థమున్నది. భార్యను క్రూరముగా హింసించుట 1983నుండియు నేరముగా నుండెను. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 85వ సెక్షను క్రింద మూడేండ్లవరకు శిక్ష కలదు. కాని 2006 అక్టోబరు 26నుండి వేఱొక మార్గమును కలదు. 2005వ సంవత్సరపు గృహహింస చట్టము క్రింద, ఎవరిని చెఱకు పంపకయే, ఇఁక కొట్టరాదని మేజిస్ట్రేటు ఉత్తరువు ఇయ్యవచ్చును. ఆ యింట నుండుటకు ఆమెకు హక్కు కలదు. ఆ యిల్లు అత్తమామల పేరనున్నను వెడలగొట్టుటకు వీలులేదు. దరఖాస్తు అందిన మూడు దినములలో మొదటి వాయిదా వేయవలెనని చట్టము చెప్పును. ఉత్తరువు మీఱినవానికి మాత్రము ఏడాదివరకు ఖైదు, 20,000 రూపాయలవరకు జరిమానా. దెబ్బలేగాక, తిట్లును, తిండికి బట్టకు డబ్బీయకుండుటయు ఆ చట్టమున హింసయే.

ఇందు మీకు ముఖ్యముగా తెలియవలసినది 4వ సెక్షను. హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణముగలవారు ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. మంచి తలంపుతో తెలిపినవారిపై ఏ వ్యాజ్యమును నడువదు. పొరుగువారి సంగతి మనకేల, రేపు మనలను కోర్టుకీడ్తురు అను మాటకు ఇది సమాధానము. 181 నంబరునకు ఫోను చేసినను సహాయము దొరకును; ప్రాణాపాయమైనచో 112. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక వకీలు నుచితముగా ఇచ్చు ఏర్పాటు న్యాయసేవాసంస్థలలో కలదు. "మఱి ఆమె అబద్ధమాడినచో?" అని యొకరడుగుదురు. నిజము తేల్చుట న్యాయస్థానము పని. తేలువరకు ఎవరికిని దెబ్బ తగులకుండ చూచుట మన పని.

అపాయమంతటిది కాక, ఆమెయే కాపురము కోరి రాజీకి వచ్చినచో, ఆ కాగితము వ్రాయు విధమును గూర్చి రెండు మాటలు. నేను చూచిన కాగితములందు "భార్య అణకువగా మెలగవలెను, భర్త ప్రేమగా చూడవలెను" అనియే యుండును. అణకువను కొలుచుటెట్లు? ఆమె నగలు, బ్యాంకు పుస్తకము, ఆధారుకార్డు ఎవరివద్ద నుండునో వ్రాయుడు. పుట్టినింటికి పోవుటకు ఎవరి సెలవును అక్కఱలేదని వ్రాయుడు. ఆమె చేతనే ఫోనుండవలెనని వ్రాయుడు. నెలకొకమారు, ముందుగ చెప్పకుండ, ఆ యింటికి పోయి ఆమెను ఒంటరిగా పలుకరించివచ్చు స్త్రీ పేరును అందు చేర్చుడు. మరల చేయి యెత్తినచో, మఱియొక పంచాయతీ కూర్చుండదనియు, ఆ దినముననే రక్షణాధికారికి తెలుపుదుమనియు వ్రాసి, మీరును క్రింద సంతకములు చేయుడు. ఆ కాగితపు నకలు ఆమెకొకటి యిచ్చి, రెండవది ఆమె పుట్టినింట ఉంచుడు.